పది సీసీల మాస్టారు

పది సీసీల మాస్టారు పోయారని తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు.

అబద్ధం. తిన్నాను. పెరుగు రెండోసారి కూడా వేయించుకున్నాను. నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఈ వయసులో ఎవరో పోయారని అన్నం మానేయడం మొదలుపెడితే నెలకి పది రోజులు ఉపవాసమే. కానీ చెయ్యి కడుక్కున్నాక కుళాయి కింద గ్లాసు పెట్టి, మోకాళ్ళు వంచి, ఎడమ కన్ను మూసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తూ నిలబడిపోయాను. అది నా అలవాటు కాదు. ఆయనది.

ఆ కబురు తెచ్చింది సత్తిబాబు. రామచంద్రపురంలో నాకొక డీజిలింజన్ల షెడ్డుంది. ఇప్పుడు పని తగ్గి, కూర్చోడానికి చోటుగా మిగిలింది. సత్తిబాబు కాలవ చివరి భూముల్లో కౌలు రైతు. ఆయిలింజనుకి ఏం కావలసినా నా దగ్గరికే వస్తాడు. ఆ రోజు గాస్కెట్టు కోసం వచ్చాడు.

"బాబాయ్ గారూ, విన్నారా? ఆ లెక్క తప్పిన మాస్టారు పోయేరంట," అన్నాడు. అని, గాస్కెట్టుని వెలుతురుకి పట్టి చూసుకున్నాడు.

లెక్క తప్పిన మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెకను కూడా పొల్లు పోనివ్వని మనిషికి చివరికి మిగిలిన పేరది. పెట్టింది రైతులు. పెట్టించింది ఎవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో నా గొప్పలు కొన్ని దొర్లుతాయి. వాటిని నేనే చెవి పట్టుకుని వెనక్కి తెస్తాను.

ఆయన మాకు దగ్గర్లోని ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో మెకానిక్కు. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు, అయినా పిల్లలంతా మాస్టారనే పిలిచేవారు. ఇంజను ఎంత డీజిలు తాగుతుందో కొలవడం ఆయన పని. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో డీజిలు పోస్తారు. ట్యాంకు దారి కట్టేసి, ఇంజను ఆ గొట్టంలోంచే తాగేలా చేస్తారు. పై గీత నుంచి కింది గీతకి పది సీసీలు. అవి ఎన్ని సెకన్లలో ఖాళీ అయ్యాయన్నదే లెక్క. ఎక్కువ సెకన్లు పడితే ఇంజను పొదుపరి, తక్కువైతే తిండిపోతు. ఇంతే శాస్త్రం. ఇది ఆయనకి నేనే నేర్పానని చాలామందికి చెప్పాను. నేర్పలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నాను, అదీ సగమే.

ఇంజను స్టార్టు చేయగానే కొలిచేవారు కాదు. అరగంట ఆగేవారు. చల్లనీళ్ళు లోపలికెళ్ళి వేడెక్కి బయటికొచ్చే పైపు కింద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసే తల్లిలా తల వంచుకుని నిలబడేవారు. "ఒంటికి వేడి పట్టాలండి. అప్పుడే నిజం చెబుద్ది," అనేవారు. తరవాత ఇంజను తిప్పే డ్రమ్ముకి చుట్టిన తాడుకి బరువులు వేలాడదీసి, ఇంజనుకి పని పెట్టి, గాజు గొట్టం ముందు మోకాళ్ళు వంచేవారు. గీతా కన్నూ ఒక్క ఎత్తుకి రావాలి. ఎడమ కన్ను మూసేవారు. స్టాప్‌వాచీ నొక్కేవారు. ఆ పది సీసీలు దిగేదాకా ఊపిరి వదిలేవారు కాదు. దిగాక వాచీ నొక్కి, ఊపిరి వదిలి, బస్సు కండక్టరు ఊరి పేరు చెప్పినట్టు, సంతోషం గానీ దిగులు గానీ లేకుండా "ముప్ఫై ఎనిమిది" అనేవారు. మళ్ళీ వంగేవారు. మూడుసార్లు.

ఆ వంగడం ల్యాబుతో ఆగేది కాదు. టీ కొట్టులో గాజు గ్లాసు బల్ల మీద పెడితే అక్కడా వంగి చూసి, "ఇయ్యాల గ్లాసు చుట్టుగీత కిందకే పోశారండి," అనేవారు. నింద కాదు, సమాచారం. అయినా కొట్టువాడికి మండేది. "ఈయన తాగడానికొచ్చేడా, తనికీకొచ్చేడా?" అని గొణిగేవాడు.

ఆయన నోట 'బాగుంది' అన్న మాట ఎవరూ వినలేదు. ఎవరైనా అంటే ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "దేనికన్నా అండి?"

ఒక పెళ్ళిలో ఆయనా నేనూ పక్కపక్కన తిన్నాం. పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించుకుంటూ వచ్చి, "భోజనాలు ఎలా ఉన్నాయండీ మాస్టారూ?" అన్నాడు. నేను "బ్రహ్మాండం" అన్నాను. ఈయన నా వైపు తిరిగి, పనసపొట్టు కూర కలుపుకుంటూ, "దేనికన్నా అండి?" అన్నారు. పెళ్ళికూతురి తండ్రి మొహం మాడిపోయింది. నిజానికి ఆయన ఎగతాళి చేయలేదు. ఒక్కసారే కొలిచిన లెక్క ఆయన దృష్టిలో లెక్కే కాదు. ముందు ఒకటి, తరవాత ఒకటి, మధ్యలో మార్చింది ఒక్కటే ఉండాలి. అప్పుడే మాట్లాడాలి. లేకపోతే నోరు మూసుకుని కూర తినాలి.

ఇంట్లో భార్యకి షుగరు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి సైకిలు మీద ఇంటికెళ్ళి, ఇన్సులిన్ సూది ఆయనే ఎక్కించి, ఆవిడ తిన్నాక వచ్చేవారు. ఆ సూది కూడా అంతే. కిటికీ వైపు పెట్టి, మోకాళ్ళు వంచి, ఎడమ కన్ను మూసి.

ఇక నా సంగతి. పదిహేనేళ్ళ కిందట నేనొక ఇంజను కనిపెట్టాను.

ఇంజను కాదు. ఉన్న ఇంజనుకి ఒక గొట్టం చుట్టాను. డీజిలు వెళ్ళే రాగి గొట్టాన్ని సైలెన్సరు చుట్టూ ఏడు చుట్లు తిప్పితే, పొగ వేడికి డీజిలు వేడెక్కి పల్చబడుతుందని, పల్చబడితే బాగా మండుతుందని, బాగా మండితే తక్కువ తాగుతుందని నా ఊహ. వినడానికి ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది. ఆ ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలవ చివరిదాకా నీళ్ళు రావడం లేదు. వంతుల వారీగా వదులుతున్నారు. చివరి భూముల రైతులు మురుగుకాలవలకి ఆయిలింజన్లు పెట్టి తోడుకుంటున్నారు. నా గొట్టం అప్పుడు అమ్ముడుపోకపోతే ఎప్పుడు? అంతకన్నా నాకు కావలసింది ఇంకొకటుంది. ఎవరి షెడ్డులోనైనా నన్ను చూసి, "అదిగో, ఆ ఇంజను కనిపెట్టినాయన," అనాలి. దానికి మాస్టారి అంకె కావాలి. ఆయన అంకె అంటే మా వైపు రైతులకి రెవెన్యూ ముద్ర కన్నా గట్టిది.

ఇంజను ట్రాక్టరు మీద ల్యాబుకి తీసుకెళ్ళాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, ఒకచోట ఆగారు. ఇంజనుకి నాజిల్ అని ఒకటుంటుంది, డీజిలుని పొగమంచులా చిమ్మేది. అది అరిగితే కొంత డీజిలు మండకుండా వెనక్కి కారుతుంది. ఆ కారేదాన్ని ట్యాంకులోకి పంపే సన్న గొట్టమే రిటర్ను పైపు. నా పైపు పొట్టిది, ఆయన గాజు గొట్టం దాకా అందలేదు. అందుకని కింద ఒక డబ్బా పెట్టి, అందులో కారనిచ్చారు.

"డబ్బాలో పడేదీ తాగినట్టే లెక్కొచ్చేస్తుందండి," అన్నారు. "అయినా ఇబ్బంది లేదు. చుట్టక ముందూ చుట్టాకా ఒకేలా ఉంటే పోలిక పాడవదు. ఆ పైపు మాత్రం కదపకండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

పొద్దున గొట్టం చుట్టకుండా కొలిచారు. ముప్ఫై ఆరు సెకన్లు. మూడుసార్లూ ముప్ఫై ఆరే. ఒంటిగంటయింది. ఇంజను ఆపి, "నేనొచ్చేలోగా మీ గొట్టం బిగించేయండి," అని సైకిలెక్కి ఇంటికెళ్ళారు.

నేను గొట్టం బిగించాను. బిగిస్తుంటే డబ్బా ఒరిగి, కడిగిన అద్దంలా ఉండే ఆ ల్యాబు నేల మీద డీజిలు ఒలికింది. ఆయన చూస్తే బాధపడతారని, రిటర్ను పైపుకి ఒక ప్లాస్టిక్ గొట్టం అతికి, గాజు గొట్టం పైనున్న గరాటులో దాని కొస పెట్టాను. వెనక వైపు నుంచి, కనబడకుండా.

ఇలా చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. డబ్బా ఒరగలేదు. ఒరిగితే తుడవడానికి అక్కడ గుడ్డలున్నాయి. ప్లాస్టిక్ గొట్టం ఇంటి దగ్గరే జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఇంకా ఉంది. ఆ ఇంజనుకి బిగించిన నాజిల్ ముందురోజు నా సొరుగులోంచి ఏరి పెట్టింది. పారేయాల్సినంత అరిగిపోయింది, తాగేదాంట్లో ఏడో వంతు వెనక్కి కక్కేది. పొద్దున ఆ కక్కిందంతా డబ్బాలో పడి ఖర్చు కింద పోయింది. మధ్యాహ్నం అదంతా తిరిగి గాజు గొట్టంలోకే చేరుతుంది. గీత నెమ్మదిగా దిగుతుంది. ఇంజను అంతే తాగుతుంది, కానీ పొదుపరిలా కనబడుతుంది. నా జీవితంలో నేను నిజంగా కనిపెట్టింది ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఆయన వచ్చారు. అరగంట వేడెక్కనిచ్చారు. డబ్బా వైపు చూడలేదు. ఎందుకు చూడాలి? కదపనని నేను మాటిచ్చాను. వంగారు, కన్ను మూశారు. నలభై రెండు. మళ్ళీ వంగారు. నలభై రెండు. మూడోసారి లేచి, ఎప్పుడూ లేనిది, నా భుజం మీద చెయ్యి వేశారు.

"బాగుందండి," అన్నారు.

దేనికన్నా అని నేను అడగాల్సింది. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. అది నా గొట్టం గురించి కాదని ఇప్పుడనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళు వంగి వంగి చూసినందుకు ఒక్కసారి ఎవరికో మేలు చేసే అంకె కంటబడిందని.

కాగితం మీద ఆయన రాసిచ్చింది రెండు వాక్యాలు. ఫలానా ఇంజను, ఫలానా తేదీ, పొద్దున ముప్ఫై ఆరు, మధ్యాహ్నం నలభై రెండు. ఇంత పొదుపని గానీ, బిగించుకోండని గానీ లేదు. మిగతాది నేను నోటితో రాశాను. ఏడో వంతుని పావు వంతు చేశాను. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి షెడ్డులో వేలాడదీశాను. రెండు వందల ఇంజన్లకి గొట్టాలు చుట్టాను.

పదకొండు. అందులో ఒకటి సత్తిబాబుది.

మార్చి ఎండలకి సంగతి బయటపడింది. వేడెక్కిన డీజిలు గొట్టంలోనే ఆవిరై, ఇంజన్లు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయేవి. చల్లారేదాకా మళ్ళీ అంటుకునేవి కావు. చేలు సరిగ్గా పాలు పోసుకునే సమయం. మురుగుకాలవలో కూడా నీళ్ళు అందరికీ చాలవు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళే తోడుకోవాలి. సత్తిబాబు వంతు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఇంజను ఆగింది. మూడోసారికి చేలో పాలు లేవు. రెండెకరాలూ తాలే.

రైతులు నా మీదికి రాలేదు. షెడ్డులో వేలాడుతున్న కాగితం మీది సంతకం దగ్గరికి వెళ్ళారు. కబురు తెలిసి నేనూ వెళ్ళి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాను. సత్తిబాబు భార్య ఒక మోపెడు వరి వెన్నులు తెచ్చి, మాస్టారి బల్ల మీద దులిపింది. గింజ రాలలేదు, పొట్టు ఎగిరింది.

"ఇవి కొలవండి మాస్టారూ!" అంది. "మీ గాజు గొట్టంలో పోసి కొలవండి. ఎన్ని సెకన్లలో ఎగిరిపోయేయో సెప్పండి!"

ఆయన ఆ పొట్టుని చేత్తో దగ్గరికి తీస్తూ, "నా లెక్కలో ఎక్కడో ఉండాలమ్మా. చూస్తాను. మీ ముందే చూస్తాను," అన్నారు.

నేను వెనక్కి తెచ్చుకోని నా ఇంజను ఆ మూలనే, విప్పకుండా ఉంది. ఒక్కొక్క గొట్టాన్నీ వేలితో తాకుతూ వెళ్ళారు. రిటర్ను పైపు, దానికి అతికిన ప్లాస్టిక్ గొట్టం, గరాటు. వేలు అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది. ప్లాస్టిక్ గొట్టం లాగేసి, డబ్బా పెట్టి, మళ్ళీ నడిపి కొలిచారు. ముప్ఫై ఐదు. నా గొట్టం చుట్టనప్పటి కన్నా ఒక సెకను తక్కువ.

ఆయన నా వైపు తిరిగారు. కానీ ఆ చూపు నన్ను పట్టుకున్న చూపు కాదు, సాయం అడిగే చూపు.

"ఆ రోజు ఇందులోకి నేనే మార్చానా అండి?" అన్నారు. "ఇంటికెళ్ళొచ్చిన తొందరలో మార్చి ఉంటాను. నాకు గుర్తు రావట్లేదు."

నేను చేసినవాటిలో పైపు మార్చడం చిన్నది. ఆ ప్రశ్నకి తల కిందికి దించుకోవడం పెద్దది. ఆయన దాన్ని అవునని తీసుకున్నారు. రైతుల వైపు తిరిగి చేతులు జోడించారు. "పొరపాటు నాదేనండి. పైపు చూసుకోలేదు."

ఆ తరవాత కాలేజీవాళ్ళు బయటి ఇంజన్లు ల్యాబులోకి రానివ్వద్దన్నారు. ఆయన కూడా అడగలేదు. రెండు నెలలకి నేను ఆయనింటికి వెళ్ళాను, చెప్పేయాలని. దారంతా వాక్యం తయారుచేసుకున్నాను. నేను వెళ్ళేసరికి సరిగ్గా ఒంటిగంట. ఆయన కిటికీ దగ్గర సూది పట్టుకుని వంగి ఉన్నారు. ఎంతకీ లేవడం లేదు. భార్య మంచం మీద జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని ఎదురు చూస్తోంది.

"మీరొచ్చారా, మంచిదయింది," అని సూది నా చేతికిచ్చారు. "ఎంతుందో చూడండి. పన్నెండేనా?"

"మీరు చూశారు కదండీ," అన్నాను.

"చూశానండి. ఈమధ్య నా కన్ను నేను నమ్మట్లేదు."

మంచం మీంచి ఆవిడ, "రోజూ పక్కింటి నర్సమ్మని పిలుస్తున్నారండి. నాకు ఆకలితో కళ్ళు తిరిగిపోతాయి, అయినా ఆవిడొచ్చి చూసేదాకా పొడవరు," అని నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

నేను మోకాళ్ళు వంచి చూశాను. పన్నెండు. గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా పన్నెండు. "పన్నెండేనండి," అన్నాను. "హమ్మయ్య," అన్నారాయన. నేను తయారుచేసుకున్న వాక్యం నాతోపాటే ఇంటికి తిరిగొచ్చింది.

ఆయనకి నిజం తెలుసునని, తెలిసీ నన్ను కాపాడారని ఒకప్పుడు నేనొక కథ అల్లుకున్నాను. నా అతిశయోక్తులన్నిట్లోకీ పెద్దది అదే. ఆయనకి తెలియదు. తెలిసి ఉంటే ఆ సూది నా చేతికిచ్చేవారు కాదు. తన కన్నే తనని మోసం చేసిందనుకుంటూ పదిహేనేళ్ళు బతికి, అలాగే పోయారు.

మొన్న సత్తిబాబు గాస్కెట్టు జేబులో పెట్టుకుని లేవబోతుంటే, "కూర్చో," అన్నాను. మొత్తం చెప్పాను. నాజిలు, ప్లాస్టిక్ గొట్టం, గరాటు.

అతను పగలబడి నవ్వాడు. "ఊరుకోండి బాబాయ్ గారూ! ఈ ఊళ్ళో ఏది జరిగినా మీరే చేసేనంటారు. మొన్న ఆ వంతెన ప్లాను కూడా మీరే గీసేనన్నారు. ఆకరికి సచ్చిపోయినాయన చేసిన తప్పు కూడా మీదేనంటారా?"

నా నోటి విలువ నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ అబద్ధాలతో పాడుచేసుకున్న నోరు నిజానికి పనికిరాలేదు.

"నీ ఫోనులో స్టాప్‌వాచీ ఉంటుంది, తియ్యి," అన్నాను. షెడ్డులో ఒక ఇంజనుకి అరిగిన నాజిలు బిగించాను. నీళ్ళ సీసాకి రెండు గీతలు గీసి డీజిలు పోశాను. రిటర్ను పైపు డబ్బాలో పెట్టి నడిపాను. అతను కొలిచాడు. పైపు సీసాలోకి మార్చాను. కొలిచాడు. నేను ఏమీ అడగకుండానే మళ్ళీ డబ్బాలో పెట్టి కొలిచాడు, మళ్ళీ సీసాలో పెట్టి కొలిచాడు. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. తనే ఇంజను ఆపాడు.

"మా ఆవిడ ఆయన బల్ల మీద తాలు దులిపిన రోజున మీరక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"గుమ్మంలో."

"గుమ్మంలోనే."

కాసేపు ఫోనులో అంకెలు చూసుకుంటూ కూర్చున్నాడు. "ఆయన పోయేరని పొద్దున మా ఆవిడకి సెప్తే, 'పోతే పోయేడు' అంది," అన్నాడు. లేచి బండి తీశాడు. "ఎక్కండి."

ఎక్కాను. దారిలో గతుకుల దగ్గర "పట్టుకోండి" అన్నాడు, అంతే. బాబాయ్ గారూ అనలేదు. వాళ్ళింటి ముందు దిగేసరికి ఆవిడ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి మొహం విప్పార్చుకుని, "రండి బాబాయ్ గారూ, ఎండలో వచ్చేరు, మంచినీళ్ళు తెస్తానుండండి," అంది.

"ముందు ఈయన సెప్పేది విను," అన్నాడు సత్తిబాబు.

చెప్పాను. దేన్నీ పెంచలేదు, దేన్నీ తగ్గించలేదు. చెప్పడం అయిపోయింది. ఎండలో అలాగే నిలబడ్డాను. ఆవిడ మంచినీళ్ళకి లోపలికి వెళ్ళలేదు.